లేనివార్తల కాలంలో కాపరి నోటి మాట

యోహాను సువార్త చివరి అధ్యాయంలో ఒక పుకారు కథ ఉంది. పేతురు వెనక్కి తిరిగి, యేసు ప్రేమించిన శిష్యుణ్ణి చూసి, ఇతని సంగతి ఏమిటని అడుగుతాడు. నేను వచ్చేవరకు అతడు ఉండటం నాకు ఇష్టమైతే అది నీకెందుకు, నువ్వు నన్ను వెంబడించు అని యేసు జవాబిస్తాడు. ఆ జవాబు సహోదరుల మధ్య నోటి నుంచి నోటికి పాకి, ఆ శిష్యుడు చనిపోడనే ప్రచారంగా మారింది. సువార్త రచయిత దాన్ని చూసీచూడనట్టు వదిలిపెట్టలేదు. అతడు చావడని యేసు చెప్పలేదని తేల్చి, ఆయన అన్న మాటను ‘ఇష్టమైతే’ అన్న పదంతో సహా మరోసారి ఉన్నదున్నట్టు రాశాడు.

ఆ పుకారు పుట్టింది శత్రువుల శిబిరంలో కాదు, క్రైస్తవ సంఘంలోనే. అందులో దురుద్దేశం కూడా కనబడదు. ప్రభువు మీద భక్తి, ఆ శిష్యుడి మీద గౌరవం, అద్భుతం వినాలన్న ఆశ కలిసి ఒక చిన్న పదాన్ని మింగేశాయి. సంఘాల్లో తిరిగే తప్పుడు సమాచారం ఎక్కువగా ఇలాగే పుడుతుంది కాబట్టి, దాన్ని సవరించిన తీరునూ గమనించాలి. సువార్త రచయిత ఎవరినీ తిట్టలేదు. పుకారు మోసినవారి పేర్లు బయటపెట్టలేదు. ప్రచారం భక్తికరంగానే ఉంది కదా అని మౌనంగా ఊరుకోనూ లేదు. జారిపోయిన పదాన్ని తిరిగి దాని చోట పెట్టాడు.

సంఘాన్ని నడిపే కాపరి, అంటే పాస్టరు, నిజాయితీ అనగానే డబ్బు, కామం, పదవీకాంక్ష గుర్తుకొస్తాయి. ఆ పతనాలు వార్తలకెక్కుతాయి, సంఘాలను చీలుస్తాయి. కానీ వాటన్నిటికంటే ముందుగా, ప్రతి వారం, ప్రతి ప్రసంగంలో పరీక్షకు వచ్చే నిజాయితీ ఒకటుంది. తనకు ఎంత తెలుసో అంతే చెప్పడం, అది ఎక్కడినుంచి తెలిసిందో చెప్పడం, తెలియని చోట ఆగడం. ఈ నిజాయితీకి గండి పడిన చోట మిగతావి కూడా ఎంతోకాలం నిలవవు.

‘ఫేక్ న్యూస్’ అనే మాట వ్యాప్తిలోకి రావడానికి చాలా ముందే తెలుగు బైబిలులో దానికి చక్కటి పదం ఉంది. నిర్గమకాండం 23వ అధ్యాయం మొదటి వచనం “లేనివార్తను పుట్టింపకూడదు” అంటుంది. ఆ వెంటనే రెండో వచనం, చెడు చేయడానికి సమూహాన్ని వెంబడించవద్దని చెబుతుంది. ఈ రెండు ఆజ్ఞలూ పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. లేనివార్తకు బలం దాన్ని పుట్టించిన ఒక్కడి నుంచి రాదు. మోసే గుంపు నుంచి వస్తుంది.

ఆ గుంపు ఎలా పనిచేస్తుందో ఇప్పుడు లెక్కలతో సహా తెలుసు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ముగ్గురు పరిశోధకులు 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి, 2018లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నిజమైన వార్త కంటే అబద్ధపు వార్తను జనం మళ్ళీ పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువ. దీనికి ప్రధాన కారణం బాట్లు అనే స్వయంచాలక ఖాతాలు కాదు, మనుషులే. అబద్ధం కొత్తగా ఉంటుంది, ఆశ్చర్యాన్నీ అసహ్యాన్నీ రేపుతుంది, అందుకే వేళ్ళు ఆగవు. దీనికి తోడు, ఒక వాక్యాన్ని పదేపదే వింటే అది నిజమనే భావన బలపడుతుందని 1977 నుంచే మనస్తత్వ పరిశోధకులు చూపిస్తూ వచ్చారు.

ఈ రెండు సంగతులనూ సంఘానికి అన్వయిస్తే కాపరి స్థానం ఎంత బరువైనదో అర్థమవుతుంది. సామాన్య విశ్వాసి ఒక సందేశాన్ని పంపితే అది అతని మాట. అదే సందేశాన్ని కాపరి పంపితే, లేదా వేదిక మీద ప్రస్తావిస్తే, దాని వెనుక వాక్యపు అధికారం వచ్చి నిలబడుతుంది. ఆ అధికారం కాపరి సొంతం కాదు. లేఖనాన్ని విప్పి చెప్పే పనికోసం మాత్రమే సంఘం ఆయన చేతికి ఇచ్చినది. వినేవారు ఆమేన్ అనేటప్పుడు లేఖనం ఎక్కడ ముగిసిందో, నిన్న రాత్రి ఫోనులో చూసిన సంగతి ఎక్కడ మొదలైందో వేరుచేసి ఆమేన్ అనరు. ఆ గీత గీయవలసినవాడు చెప్పేవాడే.

గీత ఎలా గీయాలో పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో కనబడుతుంది. సంఘంలో కలహాలున్నాయని రాసేటప్పుడు తనకు ఎవరు చెప్పారో ఆయన దాచలేదు. క్లోయె ఇంటివారి వలన తెలిసిందని పేరు పెట్టి రాశాడు. ‘ఎవరో అన్నారు’, ‘అందరూ అనుకుంటున్నారు’ అని రాయలేదు. పదకొండో అధ్యాయంలో, మీలో కక్షలున్నాయని వింటున్నాను, కొంతమట్టుకు నమ్ముతున్నాను అంటాడు. అపొస్తలుడు ఒక వార్తను కొంతమట్టుకే నమ్ముతున్నానని చెప్పడం ఎంత పెద్ద సంగతో ఆలోచించాలి. విన్నది సంఘానికి సంబంధించినది, చెప్పినవారు విశ్వాసులు, విషయం గంభీరం. అయినా తన నమ్మకానికి కొలత పెట్టాడు, ఆ కొలతను పైకి చెప్పాడు.

ఏడో అధ్యాయం ఇంకా ఆశ్చర్యకరం. వివాహం గురించి బోధిస్తూ, ఇది నేను కాదు ప్రభువే ఆజ్ఞాపిస్తున్నాడని ఒకచోట అంటాడు. రెండు వచనాల తరువాత, ఇది ప్రభువు కాదు నేనే చెబుతున్నానంటాడు. మరికొంత దూరం పోయాక, ఈ విషయంలో ప్రభువు ఆజ్ఞ నాకు లేదు, నా అభిప్రాయం మాత్రం చెబుతున్నానంటాడు. మొదటి అధ్యాయంలో, ఎవరెవరికి బాప్తిస్మమిచ్చాడో జాబితా చెబుతూ చెబుతూ, స్తెఫను ఇంటివారు జ్ఞాపకం వచ్చి చేర్చి, ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదని ఒప్పుకుంటాడు. ఆయన అధికారం దీనివల్ల తగ్గలేదు. ప్రభువు చెప్పాడని ఆయన అన్నప్పుడు నమ్మగలగడానికి కారణమే, ప్రభువు చెప్పలేదని కూడా ఆయన చెప్పగలగడం. “ప్రభువు నాతో మాట్లాడాడు” అనే మాటను ప్రతి అభిప్రాయానికీ ముందు తగిలించే బోధకుడు ఈ తేడాను చెరిపేస్తాడు. అప్పుడు ఆయన పొరపాటు ఆయనతో ఆగదు, ప్రభువు పేరు మీదికి పోతుంది.

భక్తి పేరిట చెప్పే అబద్ధాలు

ప్రసంగాల్లో ఉదాహరణలుగా వాడే కథల్లో కొన్నిటికి అసలు ఆధారమే లేదు. చార్లెస్ డార్విన్ మరణశయ్య మీద పశ్చాత్తాపపడి తన సిద్ధాంతాన్ని విడిచిపెట్టాడన్న కథ వాటిలో ప్రసిద్ధమైనది. ఆయన 1882లో మరణించాడు. లేడీ హోప్ అనే సువార్తకురాలి పేరుతో ఈ కథ 33 ఏళ్ళ తరువాత, 1915లో, అమెరికాలోని ఒక బాప్టిస్టు పత్రికలో అచ్చయింది. తండ్రి చివరి రోజుల్లో తాను దగ్గరే ఉన్నానని, ఆ జబ్బులో లేడీ హోప్ ఆయనను చూడనే లేదని, ఆయన తన శాస్త్రీయ అభిప్రాయాలను ఎన్నడూ వెనక్కి తీసుకోలేదని కూతురు హెన్రియెటా 1922లో ఒక క్రైస్తవ పత్రికలోనే రాసింది. అయినా వందేళ్ళు దాటాక కూడా ఈ కథ వేదికల మీద వినబడుతూనే ఉంది. యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిన ‘తప్పిపోయిన రోజు’ను నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్న కథదీ ఇదే తీరు. అలాంటి లెక్క జరగలేదు. జరగడానికి వీలు కూడా లేదు. ఆ సంఘటనకు ముందు గ్రహాల స్థితి ఏమిటో వేరే ఆధారంతో తెలిస్తే తప్ప, ఒక రోజు తప్పిపోయిందని ఏ కంప్యూటరూ చెప్పలేదు.

భయం మీద నడిచే పుకార్లు మరో రకం. 1974లో ఇద్దరు వ్యక్తులు అమెరికా సమాచార ప్రసార కమిషన్‌కు ఒక విజ్ఞప్తి పెట్టుకున్నారు. విద్యా ప్రసారాలకు కేటాయించిన చానళ్ళకు మత సంస్థలు చేసే దరఖాస్తుల గురించి విచారణ జరపాలన్నది దాని సారాంశం. 1975 ఆగస్టులో కమిషన్ దాన్ని తిరస్కరించింది. కానీ ఒక నాస్తిక నాయకురాలు మత ప్రసారాలన్నిటినీ నిషేధించమని కోరుతున్నదన్న రూపంలో వార్త సంఘాల్లో పాకింది. ఆమెకు ఆ విజ్ఞప్తితో సంబంధమే లేదు. తిరస్కరణ జరిగిన తరువాత కూడా దశాబ్దాలపాటు ఆ కార్యాలయానికి లక్షలకొద్దీ నిరసన ఉత్తరాలు వచ్చాయి. ఎంతమంది కాపరులు ఆరాధన తరువాత ఆ కాగితాల మీద సంతకాలు సేకరించి ఉంటారో! వారి శ్రద్ధ నిజమైనదే. దాన్ని ఖర్చుపెట్టించిన ప్రమాదం మాత్రం లేనిది.

ఇవి చిన్న సంగతులేనని, సువార్తకు మేలు జరిగితే కథ నిజమా కాదా అన్నది అంత ముఖ్యం కాదని వాదించేవారున్నారు. ఈ వాదనకు సంఘ చరిత్రలోనే పదునైన జవాబు ఉంది. క్రీ.శ. 420 ప్రాంతంలో కొన్‌సెంటియస్ అనే వ్యక్తి ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీనుకు ఒక సలహా రాశాడు. తమ విశ్వాసాన్ని దాచుకోవడానికి అబద్ధమాడినా తప్పులేదని నమ్మే ఒక తప్పుడు శాఖవారిని పట్టుకోవడానికి, క్రైస్తవులు ఆ శాఖలో చేరినట్టు నటించవచ్చునా అన్నది ప్రశ్న. అగస్టీను ఒప్పుకోలేదు. అబద్ధమాడేవారిని అబద్ధంతోనే పట్టుకుంటే, ఏ తప్పును సరిదిద్దాలనుకున్నామో దానినే మనం నేర్చుకున్నట్టవుతుందని ఆయన జవాబు. అంతకుముందే ఆదికాండం మీద రాసిన వ్యాఖ్యానంలో, భూమి, ఆకాశం, నక్షత్రాల గమనం గురించి క్రైస్తవుడు లేఖనం పేరుతో తెలియని మాటలు మాట్లాడితే, ఆ విషయాలు బాగా తెలిసిన అవిశ్వాసి నవ్వుతాడని హెచ్చరించాడు. తనకు తెలిసిన సంగతుల్లోనే ఈ పుస్తకం తప్పు చెబుతోందనుకున్నవాడు పునరుత్థానం గురించి అది చెప్పేదాన్ని ఎలా నమ్ముతాడన్నది ఆయన బాధ.

యోబు తన స్నేహితులను అడిగిన ప్రశ్న కూడా ఇదే. దేవుని పక్షాన మీరు అన్యాయంగా వాదిస్తారా, ఆయన కోసం వంచన మాటలు పలుకుతారా అని పదమూడో అధ్యాయంలో నిలదీస్తాడు. ఆ స్నేహితులు దేవుణ్ణి సమర్థించడానికే మాట్లాడారు. చివరికి దేవుడు వారినే తప్పుపట్టాడు.

స్వస్థత సాక్ష్యాల దగ్గర ఈ ప్రశ్న మరీ సున్నితమవుతుంది. పరిశీలించడం అవిశ్వాసమని చాలామంది భయపడతారు. కానీ లూకా సువార్తలో యేసు పదిమంది కుష్ఠరోగులను పంపింది యాజకుల దగ్గరికి. రోగం పోయిందో లేదో ధర్మశాస్త్రం ప్రకారం చూసి నిర్ధారించవలసినవారు వారే. అద్భుతాలను గట్టిగా నమ్మే కతోలిక సంఘం కూడా ఫ్రాన్సులోని లూర్దు పుణ్యక్షేత్రంలో, స్వస్థతలను పరిశీలించడానికి 1883 నుంచి వైద్యుల కార్యాలయాన్ని నడుపుతోంది. అక్కడ నమోదైన ఏడు వేలకు పైగా స్వస్థతల్లో అధికారికంగా అద్భుతాలుగా అంగీకరించినవి 70 పైచిలుకు మాత్రమే. మిగిలినవారందరూ అబద్ధమాడారని దీనికి అర్థం కాదు. నిర్ధారణ కానిదాన్ని అద్భుతమని ప్రకటించలేదు, అంతవరకే. మందులు మానేసిన రోగి ప్రాణం ఒక తొందరపాటు ప్రకటన మీద ఆధారపడి ఉన్నప్పుడు ఈ సంయమనం ప్రేమలో భాగమే అవుతుంది.

పొరుగువాని మీద

తొమ్మిదో ఆజ్ఞను తరచుగా “అబద్ధమాడకూడదు” అని కుదించి చెబుతుంటారు. అక్కడున్నది “నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు” అని. ఆ ఆజ్ఞ మధ్యలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తప్పుడు సమాచారం గురించిన చర్చలో ఈ మనిషి మాయమైపోతున్నాడు. ఏది నిజం, ఏది కాదు అన్న వాదన మిగులుతోంది కానీ ఎవరికి దెబ్బ తగిలిందన్నది మిగలడం లేదు.

1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో విలియం అనే బాలుడు హత్యకు గురయ్యాడు. కొన్నేళ్ళ తరువాత ఆ ఊరి మఠంలో చేరిన థామస్ అనే సన్యాసి, యూదులు మతాచారం కోసం ఆ బాలుణ్ణి చంపారని ఒక గ్రంథం రాశాడు. ఆధారం లేని ఆ నింద యూరప్ అంతటా పాకి, ఊరూరా కొత్త బాలుల పేర్లతో మళ్ళీ మళ్ళీ పుట్టింది. 1475లో ఇటలీలోని ట్రెంట్‌లో సైమన్ అనే పిల్లవాడి మరణానికి యూదులను హింసించి, తప్పు ఒప్పించి, చంపారు. ఆ పిల్లవాణ్ణి అమరవీరుడిగా పూజించే ఆచారాన్ని కతోలిక సంఘం 1965లో గానీ రద్దు చేయలేదు. ఈ కథను మోసినవారు బయటివారు కాదు. ప్రార్థనా జీవితానికి అంకితమైనవారు రాశారు, బలిపీఠాల దగ్గర నిలబెట్టారు.

అదే చరిత్రలో దీనికి ఎదురుగా నిలిచిన కాపరులూ ఉన్నారు. 1348లో ప్లేగు యూరప్‌ను తుడిచిపెడుతున్నప్పుడు యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు లేచింది. పోపు ఆరవ క్లెమెంట్ ఆ ఏడాది జూలైలోనూ సెప్టెంబరులోనూ ఆజ్ఞాపత్రాలు జారీచేసి ఆ నిందను ఖండించాడు. ఆయన చూపిన కారణాలు సూటిగా ఉన్నాయి. అదే రోగంతో యూదులు కూడా చనిపోతున్నారు. యూదులు ఒక్కరూ లేని ప్రాంతాల్లోనూ రోగం అలాగే ఉంది. అలాంటప్పుడు విషం కలిపింది యూదులని ఎలా అంటారు? ప్లేగుకు అసలు కారణం ఆ కాలంలో ఎవరికీ తెలియదు. కారణం తెలియకపోయినా, చెబుతున్న కారణం నిజం కాదని తేల్చడానికి ఆయనకు కళ్ళముందున్న వాస్తవాలు సరిపోయాయి. ఆ పత్రాలు అన్నిచోట్లా ప్రాణాలు కాపాడలేదు. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో వందలాది యూదులను సజీవంగా కాల్చారు. ప్లేగు ఆ నగరానికి అప్పటికింకా రానే లేదు.

మనుషుల మీద వచ్చే ఆరోపణ దగ్గర కాపరికి ఉండవలసిన జాగ్రత్త రెండు వైపులా పదునైనది. రాజైన దావీదు, తిరుగుబాటు చేసిన కొడుకు అబ్షాలోముకు భయపడి పారిపోతుండగా సీబా అనే సేవకుడు గాడిదల మీద రొట్టెలు, ద్రాక్షపండ్లు, ద్రాక్షారసం మోసుకొచ్చి, తన యజమాని మెఫీబోషెతు రాజద్రోహం తలపెట్టాడని చెప్పాడు. అలసిపోయి, ఆకలితో, ద్రోహం మీద ద్రోహం చూస్తున్న దావీదు ఎవరినీ అడగకుండా మెఫీబోషెతు ఆస్తినంతా అక్కడికక్కడే సీబాకు ఇచ్చేశాడు. తరువాత మెఫీబోషెతు వచ్చి అసలు సంగతి చెప్పినప్పుడు, భూమిని ఇద్దరూ పంచుకోండన్నాడు తప్ప తీర్పును పూర్తిగా సరిదిద్దలేదు. అలసట, భయం, అప్పటికే ఉన్న అనుమానాన్ని బలపరిచే వార్త, దానితోపాటు ఒక కానుక. కాపరి ఫోనులోకి ఆరోపణలు వచ్చే వేళ కూడా తరచుగా ఇదే. వాది మాట మొదట న్యాయంగానే కనబడుతుందని, ఎదుటివాడు వచ్చాకే సంగతి తేటపడుతుందని సామెతల గ్రంథం చెప్పేది ఈ వేళ కోసమే.

రెండో అంచు కాపరి మీదే ఆరోపణ వచ్చినప్పుడు కనబడుతుంది. “నేనభిషేకించినవారిని ముట్టకూడదు” అన్న కీర్తన వచనాన్ని అడ్డం పెట్టి ప్రశ్నలను ఆపేయడం చాలాచోట్ల అలవాటైంది. 105వ కీర్తనలో ఆ మాట పరదేశులుగా తిరుగుతున్న అబ్రాహాము వంటి పితరులకు హాని చేయవద్దని రాజులకు ఇచ్చిన హెచ్చరిక. బోధకుణ్ణి లెక్క అడగవద్దని విశ్వాసులకు ఇచ్చిన ఆజ్ఞ కాదు. అభిషిక్తుడైన సౌలు రాజు మీద చెయ్యి వేయనన్న దావీదే, గుహలోంచి బయటికి వచ్చి అందరిముందూ అతని అన్యాయాన్ని అడిగాడు. దావీదును నాతాను ప్రవక్త అడిగాడు. పేతురును పౌలు అందరి ఎదుట నిలదీశాడు.

ప్రపంచమంతటా పేరున్న క్రైస్తవ విశ్వాస సమర్థకుడు రవి జకరయాస్ విషయంలో జరిగింది ఇక్కడ చెప్పుకోక తప్పదు. 2017లో ఒక మహిళ ఆరోపణ చేసినప్పుడు ఆయన సంస్థ నాయకత్వం ఆయన చెప్పిన కథనాన్నే నమ్మి, బహిరంగంగా సమర్థించింది. ఆయన 2020 మేలో మరణించారు. సంస్థే నియమించిన న్యాయవాదుల బృందం 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక, ఆయన అనేకమంది మహిళల పట్ల లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డారని తేల్చింది. ఆ మహిళను నమ్మకపోవడం తమ తప్పేనని సంస్థ బోర్డు రాతపూర్వకంగా ఒప్పుకుంది. అసత్యం నుంచి సత్యాన్ని కాపాడటమే ఆ సంస్థ పని. తన ఇంట్లోని అసత్యాన్ని నిజమని ప్రపంచానికి చెప్పింది కూడా అదే. ఒకరి పాపాన్ని దాచడానికి ఎంతమంది నిజాయితీపరులు, తెలిసో తెలియకో, లేనివార్త మోయవలసివచ్చిందో చూస్తే, వ్యక్తిగత పవిత్రతకూ సమాచార నిజాయితీకీ మధ్య గోడ లేదని తెలుస్తుంది.

తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయం ఈ రెండు అంచులనూ వరుస వచనాల్లో పట్టుకుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప సంఘ పెద్ద మీద దోషారోపణ అంగీకరించవద్దు. పాపం చేసినవారిని మాత్రం అందరి ఎదుట గద్దించు. పక్షపాతంతో ఏమీ చేయవద్దు. మొదటి మాటను మాత్రమే బోధించే సంఘంలో పాపం దాగుతుంది. రెండో మాటను మాత్రమే బోధించే సంఘంలో కత్తిరించిన ఒక వీడియో ఒక నిరపరాధి పరిచర్యను కూల్చగలదు. డబ్బు విషయంలో పౌలు ఇంకా ముందుకు వెళ్ళాడు. యెరూషలేము పేదల కోసం సేకరించిన చందాను తానొక్కడే మోసుకుపోకుండా, సంఘాలు ఏర్పరచినవారిని తోడు పంపించాడు. ప్రభువు దృష్టికే కాదు, మనుషుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని కారణం రాశాడు. దేవునికి తెలుసు కదా అన్న జవాబుతో ఆయన సరిపెట్టుకోలేదు.

యంత్రం రాసిన ప్రసంగం గురించి కొంత చెప్పాలి. 2023 జూన్‌లో జర్మనీలోని ఫ్యుర్త్ నగరంలో చాట్‌జీపీటీ అనే కృత్రిమ మేధ చాలావరకు తయారుచేసిన ఆరాధన జరిగింది, 300 మందికి పైగా హాజరయ్యారు. అది అందరికీ చెప్పి చేసిన ప్రయోగం. చెప్పకుండా జరిగేది అసలు సమస్య. ఇలాంటి యంత్రాలు సంఘ పితరుల, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుల, పేరుతో వారెన్నడూ అనని మాటలను, ఎక్కడా జరగని సాక్ష్యాలను ధాటిగా రాసి ఇస్తాయి. “నాకు తెలిసిన ఒక సహోదరి” అని మొదలయ్యే కథలోని సహోదరి ఎక్కడా లేకపోతే, దాన్ని చదివిన కాపరి యంత్రం మీద తప్పు తోసేయలేడు. సాక్షిగా నిలబడింది తానే. చదివి సంపాదించని డాక్టరేటును పేరు ముందు పెట్టుకోవడం, వేరొకరి ప్రసంగాన్ని, వేరొకరి జీవితానుభవాన్ని తనదిగా చెప్పడం కూడా ఈ కోవలోవే. కాపరి గొంతును అచ్చుగుద్ది డబ్బు అడిగే మోసాలు మరో వైపు పెరుగుతున్నాయి. దీనికీ పాత సంఘంలో పోలిక ఉంది. తన పేరుతో దొంగ పత్రికలు తిరిగే అవకాశం ఉందని తెలిసిన పౌలు, థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక చివర తన చేతిరాతతో వందనం రాసి, ప్రతి పత్రికలోనూ ఇదే గుర్తు అని చెప్పాడు. కానుకలు ఏ దారిలో మాత్రమే అడుగుతామో, ఏ దారిలో ఎన్నడూ అడగమో ముందే ప్రకటించిన సంఘం తనవారికి అలాంటి గుర్తునే ఇస్తుంది.

వేదిక మీద సవరణ

ఇంత జాగ్రత్తపడినా తప్పు దొర్లుతుంది. అప్పుడు ఏం చేస్తాడన్నదే కాపరిని బయటపెడుతుంది. అగస్టీను 70 ఏళ్ళు దాటాక, 426–427 సంవత్సరాల్లో, తాను అప్పటిదాకా రాసిన పుస్తకాలన్నిటినీ వరుసగా ముందు పెట్టుకుని, ఎక్కడెక్కడ పొరపాటు రాశాడో, ఏ మాట మరోలా అనవలసిందో గుర్తిస్తూ ఒక గ్రంథమే రాశాడు. అప్పటికి ఆయన పశ్చిమ సంఘంలో అందరికంటే పేరున్న బోధకుడు. ఎవరూ బలవంతపెట్టలేదు.

మన కాలంలో అలా చేయడానికి అంతకంటే ఎక్కువ ధైర్యం కావలసివస్తోంది. 2020 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్ గెలుస్తాడని ప్రవచించినవారిలో ఒకడైన జెరెమయ్య జాన్సన్, 2021 జనవరిలో తన ప్రవచనం తప్పిందని బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆయన మీద విరుచుకుపడినవారు అవిశ్వాసులు కాదు. ప్రవచనాన్ని నమ్మినవారే బెదిరింపులు, దూషణలు పంపారు. తప్పుడు సమాచారం పై నుంచి కిందికి మాత్రమే పారదని దీనివల్ల తెలుస్తుంది. తమకు నచ్చింది చెప్పే బోధకులను జనం పోగుచేసుకుంటారని పౌలు తిమోతికి రాసిన చివరి పత్రికలో హెచ్చరించాడు. కింద నుంచి వచ్చే ఆ ఒత్తిడిలో చాలామంది కాపరులు అబద్ధం చెప్పరు గానీ, అది అబద్ధమని తెలిసీ మాట్లాడరు. ఆ మౌనాన్ని సంఘం అంగీకారంగానే వింటుంది.

సవరణ ఎక్కడ జరగాలన్నది కూడా ముఖ్యమే. ఆదివారం వెయ్యిమంది ముందు చెప్పిన తప్పును మంగళవారం నలుగురి మధ్య దిద్దుకుంటే, మిగిలిన తొమ్మిదివందల తొంభైయారుగురి దగ్గర అది నిజంగానే ఉండిపోతుంది. తప్పు ఏ వేదిక మీద దొర్లిందో ఆ వేదిక మీదే, అంతే గొంతుతో, ఏది తప్పో విడమరచి చెప్పాలి. “ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి” అన్నది సవరణ కాదు, అందులో తప్పు పేరే లేదు.

1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలన్న నింద మీద 19 మందిని ఉరితీశారు, ఒకరిని బరువైన రాళ్ళ కింద నలిపి చంపారు. ఆ నింద మొదలైంది గ్రామ కాపరి శామ్యూల్ ప్యారిస్ ఇంట్లోనే. దాన్ని ప్రసంగాలతో పెంచింది కూడా ఆయనే. తీర్పు చెప్పినవారిలో ఒకడైన న్యాయాధిపతి శామ్యూల్ సీవాల్, 1697 జనవరి ఉపవాసదినాన బోస్టన్‌లోని తన సంఘంలో లేచి నిలబడ్డాడు. ఆ నేరపు సిగ్గునూ నిందనూ తన మీద వేసుకుంటున్నానని రాసిచ్చిన కాగితాన్ని కాపరి చదువుతున్నంతసేపూ అలాగే నిలబడి ఉన్నాడు. సేలం గ్రామానికి ప్యారిస్ తరువాత వచ్చిన కాపరి జోసెఫ్ గ్రీన్ అక్కడి సంఘాన్ని కదిలించి, ఉరికంబం ఎక్కిన మార్తా కోరీ మీద వేసిన వెలిని 1703లో ఎత్తివేయించాడు. 1706 ఆగస్టులో, చిన్నతనంలో ఎంతోమంది మీద సాక్ష్యం చెప్పిన ఆన్ పట్నం అనే యువతి అదే సంఘంలో నిలబడింది. నిరపరాధులను నేను నిందించాను, మట్టిలో పడి క్షమాపణ అడుగుతున్నాను అన్న ఆమె ఒప్పుకోలును గ్రీన్ చదివాడు. ఎదురుగా కూర్చున్నవారిలో ఆమె మాట వల్ల తల్లిని పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఆ తల్లి రెబెక్కా నర్స్‌ను 1692లో వెలివేసిన సేలం పట్టణ సంఘం, ఆ వెలిని 1712లో తన పుస్తకంలోంచి కొట్టివేసింది. దోషిగా నిలిచిపోయిన చివరి పేరు ఎలిజబెత్ జాన్సన్. ఆ పేరును మసాచుసెట్స్ శాసనసభ నిర్దోషిగా ప్రకటించింది 2022లో.